తంటెం చేతికి కొడవలి వచ్చిన కథ

ఒకప్పుడు తంటెం చెట్టుకు కొడవలి లేదు. వయ్యారిభామకు ఊరు లేదు. మొగులవ్వకు ఓటమి లేదు.

ఈ మూడూ మూడు వానాకాలాల్లో తారుమారైపోయాయి. ఎలాగో వినండి. విన్నాక కోపం రాకపోతే మీ ఒంట్లో ఉన్నది రక్తం కాదు, పలుచని మజ్జిగ!

ఎర్రగుట్ట కింది చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లందరికీ పెద్ద మొగులవ్వ. అలాంటి కలుపు మనిషి అంతకు ముందు పుట్టలేదు. తర్వాత పుడదామనుకున్నవాళ్లు సిగ్గుపడి ఆగిపోయారు. పొద్దున సాలు మొదట్లో వంగి, ఆ చివర లేచేసరికి, ఆమె నీడ ఇంకా సాలు నడుమనే ఉండి "ఆగవే అవ్వా, అందుకోలేకపోతున్న!" అని కేకలు పెట్టేది.

ఇక ఆమె కొడవలి! దాన్ని గట్టు మీద పెడితే అటుగా వచ్చిన గాలి రెండు ముక్కలై, ఒక ముక్క తూర్పుకు, ఒక ముక్క పడమటికి పోయేది. వానచుక్క దాని అంచు మీద పడితే రెండు చుక్కలయ్యేది. అందుకే మొగులవ్వ చేనుకు పక్క చేలకంటే రెట్టింపు వాన పడేదని చెప్పుకునేవాళ్లు. కాదన్నవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.

ఆమెది రెండెకరాల ఎర్రచేను. పైన జొన్న. జొన్న నడుమ పెసర, అనుము. వాటి కాళ్ల దగ్గర ఎవరూ విత్తకుండానే మొలిచే చెంచలి, దొగ్గలి, తుమ్మి. గట్టు మీద తెల్లని కుచ్చుల గునుగు. జొన్న వేరు లోతుకు పోతే చెంచలి వేరు పైపైన సర్దుకునేది. జొన్న ఎండను మింగితే మిగిలిన చిరుఎండను తుమ్మి ఏరుకునేది. ఒకరి జాగాలో ఇంకొకరు కాలు పెట్టేవాళ్లు కాదు.

కలుపు తీస్తూనే మొగులవ్వ లేతకూర గిల్లి ఒడిలో వేసుకునేది. దాన్ని ఒడికూర అనేవాళ్లు. జొన్నకంకి పాలు పట్టేదాకా, ఆ మూడు నెలలూ, వాడలో ప్రతి పొయ్యి మీదా ఉడికేది ఆ ఒడికూరే. అది లేకుంటే పొద్దునా మాపూ ఒట్టి జొన్నగటకే గతి. పిల్లలు గటక చూసి ఏడవకుండా ఉన్నారంటే అది మొగులవ్వ ఒడి చలవ.

మొగులవ్వకు వాళ్లమ్మ రెండు మాటలు చెప్పి పోయింది.

"బిడ్డా, పూతల ఉన్నదాని మీద కొడవలి లేపకు. కడుపుతోని ఉన్నదాన్ని ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినట్టయితది. కాళ్ల మీద పడ్డదాన్ని దీవించకుంట దాటిపోకు. దీవెన బాకీ పెట్టుకుంటే పెద్దరికం పోతది."

మొగులవ్వ ఆ రెండు మాటలూ కొంగున ముడి వేసుకుంది. పూసినదాన్ని గింజ రాల్చేదాకా వదిలేది. అందుకే ప్రతి మొక్కకూ ఒక కలుపు కాలం ఉండేది, ఒక పూత కాలం ఉండేది. ఎవరికీ అన్యాయం లేదు.

కాదు, ఒక్కదానికి ఉండేది. తంటెం చెట్టుకు.

తంటెం మోకాలెత్తు మొక్క. పసుపుపచ్చని పువ్వు. కాయలు అప్పట్లో గోలీల్లా గుండ్రంగా ఉండేవి. ఆకు నలిపితే మాత్రం ఏడూళ్ల అవతలి పిల్లి కూడా తుమ్మేది! పశువులు మూతి పెట్టవు. పైగా దానికి వంగడం రాదు. మొలిచినప్పటినుంచి వెన్ను నిటారే. మొగులవ్వ వస్తే దండం లేదు, దణ్ణం లేదు, ఊరికే నిలబడి చూసేది.

"ఏం జేసిన అవ్వా నేను?" అని అడిగేది.

"ఏం జేసినవా? కంపు కొడ్తున్నవ్! ఇంకేం జెయ్యాలె?"

అంటూ పూతకు రాకముందే వేరుతో సహా లాగి, గట్టు అవతలి పెంటకుప్ప మీద విసిరేసేది. తంటెం ఆ కుప్ప మీదే మళ్లీ వేరు పట్టుకుని, మళ్లీ నిటారుగా నిలబడి, మళ్లీ చూసేది.

ఒక ఏడాది సముద్రాల అవతలినుంచి గోధుమ మూటలు వచ్చాయి. ఎర్రగుట్ట బాటలో పోతున్న బండివాడు ఒక ఖాళీ సంచిని మొగులవ్వ చేని గట్టు మీద దులిపాడు. దుమ్ము రాలింది. దుమ్ములో ఒకే ఒక గింజ రాలింది. నల్లనిది, ఆవగింజ దాని పక్కన నిలబడితే ఏనుగులా కనిపించేంత చిన్నది.

తొలకరికి ఆ గింజ మొలిచింది. తిన్నగా పైకి లేవలేదు. ఆకులన్నీ గుండ్రంగా నేలకు పరిచి, నేలకు అతుక్కుపోయి, సాష్టాంగం పడ్డట్టు పడుకుంది.

మొగులవ్వ కొడవలి పట్టుకుని వచ్చింది. పక్క సాలులో ఆమె వదినె ఈరవ్వ ఉంది. ఈరవ్వ చెయ్యి నిదానం, నోరు వేగం.

"దండాలవ్వా!" అంది నేల మీదినుంచి ఆ మొక్క.

మొగులవ్వ ఆగింది. ఇన్నేళ్లలో ఆమెకు దండం పెట్టిన కలుపు మొక్క అదే మొదటిది.

"ఎవలే నువ్వు? కొత్తిమీర లెక్కున్నవ్."

"పరదేశిదాన్నవ్వా. ఈ నేల మీద నాకు అక్క లేదు, చెల్లె లేదు. నీ కాళ్లే నాకు దిక్కు."

మొగులవ్వ కడుపులో పాలు పొంగినట్టయింది. చూశారా ఎంత మర్యాద, పెంటకుప్ప మీది తంటెం ఎప్పుడైనా ఇలా మాట్లాడిందా అనుకుంది.

"జర సూసి దీవించు వదినె. వంగినోళ్లందరు మొక్కేటోళ్లు గాదు. చెప్పుల దొంగ గూడ గుడి ముందట వంగుతడు," అంది ఈరవ్వ.

"నీ నోట్ల మన్నువడ! పరాయి ఊరి పిల్లను పట్టుకొని దొంగంటవా?" అని కసిరి, మొగులవ్వ చెయ్యి ఎత్తి నిండు మనసుతో దీవించింది. "సల్లగుండు బిడ్డా! పిల్లజెల్లతోని నేలంత నిండి ఉండు!"

అయ్యో! ఎంత మాట! గట్టు మీది కాకి అది విని రెక్కతో నెత్తి కొట్టుకుంది. కంపమీది తొండ ఊపుతున్న తల ఆపేసింది. మొగులవ్వ మాత్రం పక్క సాలుకు పోయింది.

నాలుగు వారాలు తిరిగేసరికి పడుకున్నది లేచింది. నడుము దాకా పెరిగింది. ఒంటినిండా తెల్లని చిన్న చిన్న పువ్వులు, విరజిమ్మిన జొన్నపేలాల్లా. చిరుగాలి తగిలినా చాలు, నడుము అటూ ఇటూ తిప్పేది. ఆ తిప్పుడు చూసి ఈరవ్వే దానికి వయ్యారిభామ అని పేరు పెట్టింది.

మొగులవ్వ రెండో కలుపుకు వచ్చింది. "ఇగ సాలు బిడ్డా, జొన్నకు గాలాడాలె," అని కొడవలి లేపింది.

"ఆగవ్వా, ఆగు! కడుపుతోని ఉన్న!"

చూస్తే నిజమే. పూతలో ఉంది. మొగులవ్వ కొడవలి దించేసింది.

"ఎప్పుడు కంటవ్?"

"ఎనిమిది దినాలు ఓపిక పట్టవ్వా."

ఎనిమిది రోజులకు వచ్చింది. పూలు అలాగే ఉన్నాయి.

"కన్నవా?"

"కన్ననవ్వా. మళ్ల నిలిచింది."

ఇంకో ఎనిమిది రోజులు. "కన్న. మళ్ల నిలిచింది." వాన వెలిసింది, చలి వచ్చింది. "మళ్ల నిలిచింది." చలి పోయి ఎండ వచ్చింది, బండలు పగిలాయి, బావిలో కప్ప చెమట తుడుచుకుంది. వయ్యారిభామ మాత్రం పూతలోనే ఉంది.

"దీని పురుడు పాడుగాను!" అంది ఈరవ్వ. "ఇది బాలింత ఎప్పుడైతదే వదినె? మనం కాయం మందు దంచి దంచి రోలు అరిగిపోయెటట్టుంది!"

మొగులవ్వకు నవ్వు రాలేదు. అమ్మ మాట ఒక పక్క, కొడవలి ఒక పక్క. ఆమె అమ్మ మాట వైపే నిలబడింది.

ఈలోపు దాని పిల్లలు చేనంతా పరుచుకున్నారు. ఎంతమందో తెలుసా? లెక్కపెట్టడానికి ఒక పడుచు చీమ బయలుదేరి, సగం గట్టు దాటేసరికి దాని మీసాలు నెరిసిపోయాయి. మిగతా సగం దాని మనవడు మొదలుపెట్టాడు, వాడికీ కాళ్ల నొప్పులు వచ్చాయి. ఆ పిల్లల్లో ప్రతి ఒక్కటీ నాలుగు వారాలు సాష్టాంగం, ఆ తర్వాత కడుపు!

రెండో ఏడు తొలకరి పడింది. మొగులవ్వ జొన్న విత్తి, అది ఎదిగాక, తడి నేల వాసన పీల్చుకుంటూ ఒడి సర్దుకుని చేలోకి దిగింది.

చెంచలి లేదు.

దొగ్గలి లేదు.

ఒక మూల తుమ్మి ఒకటి కనిపించింది. ఆకులు పాలిపోయి, మెడ వాలిపోయి ఉంది.

"ఏమైందే నీకు?" అని మొగులవ్వ దాని ముందు గొంతుక్కూర్చుంది.

"నీళ్లు చేదైనయ్ అవ్వా," అంది తుమ్మి. గొంతు పీలగా ఉంది. "దాని వేర్లు నేలల ఏం కలుపుతున్నయో! చెంచలి గింజ మొలుద్దామని నోరు తెరిచింది, చేదు తాగింది, మళ్ల నోరు మూసింది. దొగ్గలి గింజ లేవనే లేదు. నేను పూస్తనే ఉన్న, దాని పుప్పొడి వచ్చి నా పువ్వు మీద కూసుంటుంది. నాకు కాయ కట్టనిస్తలేదు. నా తర్వాత ఇంక నేను లేనవ్వా."

గట్టు మీద గునుగు, ఏటా పూల పండుగకు తలెత్తుకుని పోయే గునుగు, వేలెడంత పెరిగి ఆగిపోయింది.

మొగులవ్వకు కళ్లు మండాయి. జొన్న దగ్గరికి పోయింది. "నువ్వన్న చెప్పవే దానికి! చేనుల పెద్దదానివి!"

జొన్న మెడ కూడా తిప్పలేదు. "నా తల మబ్బుల్ల, మొగుల్ల ఉన్నది. కాళ్ల కాడ ఎవలు ఎవల్ని తొక్కితే నాకేందవ్వా?"

ఆహా! ఏం మాట, ఏం మాట! తన కాళ్ల దగ్గర తేమ కాపాడిన చెంచలి చచ్చిపోతుంటే, నాకేంది అంటుందా! ఇలాంటి పొడుగు మనుషులు కూడా ఉంటారు. వాళ్లకు జవాబు ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. అదే పైరులో జొన్నకు కంకి వచ్చింది, కంకిలో గింజ లేదు. అప్పుడు తల దించి చూసుకుంది.

మొగులవ్వ తన బర్రెను తోలుకొచ్చింది. "తినవే కర్రీ! మొత్తం మేసెయ్!" అంది. కర్రి రెండు నోళ్లు మేసి తుపుక్కున ఊసింది. ఆ పూట దాని పాలు చేదు. దూడ పొదుగు దగ్గర మూతి పెట్టి, తీసి, తల్లి వైపు అనుమానంగా చూసింది.

"నా వంక సూడకు బిడ్డా," అంది కర్రి. "తప్పు నాది గాదు, మన మొగులవ్వ చుట్టాలది!"

ఆ సాయంత్రం వాడలో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు. మొగులవ్వ ఒడి విప్పింది. ఒడిలోంచి మన్ను రాలింది. అంతే.

ఆడవాళ్లు ఖాళీ గిన్నెలు బోర్లించి పట్టుకుని వెనుదిరిగారు. అంత నోరున్న ఈరవ్వ కూడా గిన్నె కొంగు కింద దాచుకుని పోయింది. అది మొగులవ్వకు చెంపదెబ్బలా తగిలింది. వాడంతా ఆ పూట ఒట్టి గటక తిన్నది. పిల్లలు ఏడ్చారు.

మర్నాడు పొద్దు పొడవగానే మొగులవ్వ వయ్యారిభామ ముందు నిలబడింది. ఆమె కోపానికి చుట్టూ నాలుగడుగుల దాకా మంచు ఆవిరైపోయింది.

"నా చేనుల నా కూరలను సంపుతావే?"

వయ్యారిభామ నడుము తిప్పింది. "నేనేం జేసిననవ్వా? నువ్వే గద దీవించినవ్? పిల్లజెల్లతోని నేలంత నిండుమన్నవ్. నిండుతున్న. పెద్దల మాట కాదంటే పాపం గదా?"

"నా దీవెన నా మీదికే తిప్పుతావే!"

"ఏ, కొడతవా? కొట్టు. కడుపుతోని ఉన్న," అని చుట్టూ ఉన్న పిల్లలను చూసి నవ్వింది. రెండెకరాలూ నవ్వాయి. గాలి లేకుండానే చేనంతా ఊగింది.

అప్పుడు మొగులవ్వ అమ్మ మాట దాటింది. కొడవలి లేపింది. ఒక్క ఊపులో వెయ్యి తలలు తెగాయి, రెండో ఊపులో రెండు వేలు. కొడవలి చప్పుడుకు ఎర్రగుట్ట మీది గద్దలు పక్క జిల్లాకు లేచిపోయాయి. మధ్యాహ్నానికి చేను నున్నగా అయింది. మొగులవ్వ మూడు కుండల నీళ్లు తాగి, "పీడ పోయింది," అంది.

పది రోజులకు వచ్చి చూస్తే, తెగిన ప్రతి మోడు నుంచి నాలుగేసి కొమ్మలు. నాలుగు కొమ్మలకూ పూలు.

పుట్టి బుద్ధెరిగాక మొగులవ్వ కొడవలి ఓడిపోవడం అదే మొదటిసారి. ఆమె గట్టు మీద కూలబడింది. కొడవలి ఒళ్లో పెట్టుకుంది, పిల్ల పెట్టుకునే చోట.

"పైన కోస్తే ఏం లాభమవ్వా? వేరు నవ్వుకుంటుంది కింద."

మొగులవ్వ వెనక్కి తిరిగింది. పెంటకుప్ప మీద తంటెం. నిటారుగా నిలబడి, ఎప్పటిలాగే చూస్తోంది.

"నువ్వా? నువ్వు గూడ నవ్వనీకి వచ్చినవా?"

"నవ్వుడు నాకు రాదవ్వా. మొక్కుడు రాదు, నవ్వుడు రాదు. నిలబడుడు ఒక్కటే వస్తది," అంది తంటెం. "అది నేలకు అతుక్కున్నప్పుడు పీకు. పూత రాకముందు పీకు. చేత్తోని, వేరుతోని. నన్ను పీకినట్టే పీకు. నీకు అలవాటున్న పనే గదా?"

ఆ ఆఖరు మాట మొగులవ్వకు ముల్లులా దిగింది.

"మొక్కేదాన్ని ఎట్ల పీకాలె?"

"మొక్కుడు గాదవ్వా అది, జాగ పట్టుడు. ఒక్కదాన్ని లేపి కింద సూడు."

మొగులవ్వ చేలోకి దిగి, నేలకు పరుచుకుని "దండాలవ్వా!" అంటున్న ఒక పిల్లమొక్కను పట్టి లేపింది. దాని కింద ఒక చిన్న గరికపోచ ఉంది. తెల్లగా, ఎండ మొహం చూడక, ఊపిరాడక, చదునుగా అణిగిపోయి ఉంది. తాను ఒక ఏడాదిగా దీవిస్తూ తిరిగింది ఈ పనినా!

మొగులవ్వ అరిచిన అరుపుకు పక్క ఊళ్లో నిద్రపోతున్న కుక్కలన్నీ లేచి దేనింటికి అది కాపలా కాశాయి.

"వదినే! రాయే! అందర్ని పిలువు!"

వాడలోని ఆడవాళ్లంతా దిగారు. కొడవళ్లు పక్కన పెట్టి చేతులతో పీకారు. వయ్యారిభామకు మొదటిసారి నవ్వు ఆగింది. "అవ్వా, పరదేశిదాన్ని!" అంది. పీకారు. "అవ్వా, కడుపుతోని ఉన్న!" అంది.

"ఏడాదికి పన్నెండు నెలలు కడుపుతోని ఉండి, పక్కింటోళ్లకు ఒక్క కాన్పు గూడ కానియ్యనిది ఆడది గాదు, పీడ!" అని మొగులవ్వ దాని మొదలు పట్టుకుంది.

అప్పుడు వయ్యారిభామ అసలు మొహం బయటపెట్టింది. ఒళ్లంతా ఉన్న నూగును ఆమె చేతుల మీద రుద్దింది. పుప్పొడిని ఆమె ముక్కులోకి ఊదింది.

"నన్ను ముట్టినోళ్ల చేతులు దురద పెట్టాలె! గోకినకొద్ది గోకాలె! నా గాలి పీల్చినోళ్లకు ఊపిరి ఆడొద్దు!"

మొగులవ్వ చేతులు ఎర్రబడ్డాయి. దద్దుర్లు లేచాయి. మోచేతుల దాకా ఉబ్బాయి. ఆమె తుమ్మితే బావిలో నీళ్లు గట్టెక్కి చూశాయి. అయినా వదలలేదు. కొంగు చింపి చేతులకు చుట్టుకుని, చివరి మొక్క దాకా వేరుతో సహా లాగేసింది. కళ్లు కనబడనంత వాచిపోయినా, తడుముకుంటూ లాగింది. పూత లేని లేత మొక్కలను ఎండలో పడేసింది. పూసిన వాటిని గింజ రాలకుండా గొయ్యి తీసి పూడ్చింది.

చేను ఖాళీ అయింది. ఎర్రని మన్ను, అంతే.

"అయిపోయింది," అంది ఈరవ్వ.

"కాలేదు," అంది తంటెం. "నేలల దాని గింజలు వేలు వేలు ఉన్నయ్. ఖాళీ జాగ కనిపిస్తే మళ్ల వస్తది. నన్ను నిలబెట్టండి."

చావుబతుకుల మధ్య ఉన్న గునుగుకు కూడా నవ్వొచ్చింది. "నువ్వా? ఆ కంపుతోనా? మా పక్కనా?"

"నా వాసన నీకు పడదు. దానికి గూడ పడదు," అంది తంటెం. "నీకు పండుగ కావాల్నా, పరిమళం కావాల్నా?"

గునుగు ఉన్న కాస్త తలా దించి పక్కకు ఒరిగింది.

మొగులవ్వ పెంటకుప్ప దగ్గరికి నడిచింది. కుప్ప ముందు వంగింది. అవును, ఎవరి ముందూ వంగని మొగులవ్వ.

"బిడ్డా, మొక్కినదాన్ని నెత్తిన పెట్టుకున్న. నిలబడ్డదాన్ని పెంటల ఏసిన. నా కండ్లు పాడుగాను. తప్పయింది."

తంటెం ఎప్పటిలాగే నిటారుగా నిలబడి ఆమెను చూసింది. తర్వాత, "నా లేతాకు ఎప్పుడన్న వండి సూసినవా అవ్వా?" అంది.

"లేదు బిడ్డా."

"సూడు ఒకసారి."

మొగులవ్వ వాచిన చేతులతో తంటెం కాయలు చిదిపి, గింజలు గట్టు పొడుగునా చల్లింది. చేనిలో ఖాళీ ఉన్న ప్రతి చోటా చల్లింది. కొడవలి అటకెక్కింది, పట్టుకునే చేతులు లేవు. ఆ ఎండాకాలమంతా ఆమె వేపాకు నీళ్లలో చేతులు ముంచుకుని కూర్చుంది.

మూడో తొలకరి పడింది.

తంటెం గింజలు ఒక్కసారిగా లేచాయి. ఒకదాని భుజానికి ఒకటి భుజం ఆనించి లేచాయి. చీమ దూరడానికి కూడా ఓరగా నడవాల్సి వచ్చింది. నేల లోపల నుంచి వయ్యారిభామ పిల్లలు కూడా లేచాయి. పైకి చూశాయి. ఎండ లేదు. అంతా తంటెం ఆకులే.

"జరుగు," అన్నాయి.

"జరగ."

"పక్కన ఇంత జాగ ఇయ్యి. ఊరికే పండుకుంటం."

"పండుకునే జాగ లేదు. నిలబడేటంత ఉంది. నిలబడుడు వస్తదా?"

వాటికి రాదు. నాలుగు వారాలు పడుకుంటేగాని వాటికి లేవడం చేతకాదు. నేలకు పరుచుకుందామంటే ఆకు చాపే చోటు లేదు. ఆఖరికి పాత ఎత్తు వేశాయి.

"దండాలు తంటెం తల్లీ! పరదేశం పిల్లలం. ఒక్కసారి దీవించు!"

చేనంతా ఊపిరి బిగబట్టింది. గట్టు మీద మొగులవ్వ గుండె ఆగి, ఒక క్షణం చూసి, మళ్లీ కొట్టుకుంది. తంటెం కూడా దీవిస్తే అంతా అయిపోయినట్టే.

తంటెం వాటి వైపు చూసింది.

"నాకు దీవించుడు రాదు," అంది. "నన్ను ఎవ్వరు దీవించలే. చేతిల లేనిది ఎట్లియ్యాలె?"

ఆ మాటతో వయ్యారిభామ పిల్లల నడుములు విరిగాయి. ఎండ అందక పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలి, ఆ వానలోనే కుళ్లిపోయాయి. మిగిలినవి గట్టు దిగి, బాట దాటి, ఎవరూ పట్టించుకోని బీళ్లు వెతుక్కుంటూ పోయాయి. ఎందుకంటే మొగులవ్వ దీవెన ఉంది కదా. పెద్దల దీవెన వదిలిన బాణం. నేలంతా నిండమంది, ఖాళీ నేల ఎక్కడ ఉంటే అక్కడ నిండుతాయి. దాన్ని తిప్పి తీసుకోవడం ఆమెకు కూడా చేతకాలేదు. బతికినన్నాళ్లూ ఆ మాట గుర్తొస్తే మొగులవ్వ తన నాలుకను తానే తిట్టుకునేది.

తంటెం నీడ కింద నేలలో చేదు మెల్లగా విరిగింది. ముందు ఒక చెంచలి నోరు తెరిచింది. ఈసారి మూయలేదు. తర్వాత దొగ్గలి. తుమ్మి పువ్వు కాయ కట్టింది. చెంచలికి ఎండ కావాలని తంటెం ఎక్కడికక్కడ ఒక పక్కకు ఒరిగి దారి ఇచ్చింది. వయ్యారిభామకు జరగనన్నది చెంచలికి అడగకుండానే జరిగింది!

మొగులవ్వ చేలోకి దిగి ఒడి పట్టింది. ఒడిలో మొదట వేసింది తంటెం లేతాకు. ఆ పూట వాడంతా పెసరపప్పులో తంటెం కూర వండుకుని గిన్నెలు నాకింది.

"వదినే," అంది ఈరవ్వ వేళ్లు చీకుతూ, "ఇన్నేండ్లు ఈ కూరను పెంట మీద పారేసింది ఎవలే?"

"నీ నోట్ల మన్నువడ," అంది మొగులవ్వ. ఈసారి నవ్వింది.

కానీ ఆమె చేతులు మళ్లీ పాత చేతులు కాలేదు. వేళ్లు కొడవలి పిడి చుట్టూ మూసుకోవడం లేదు. ఒక సాయంత్రం, పొద్దు గుట్ట మీదికి వాలుతుండగా, ఆమె కొడవలిని రెండు అరచేతుల మధ్య పట్టుకుని గట్టు మీదికి తెచ్చింది. తంటెం ముందు నిలబడింది.

"బిడ్డా, ఇది నాకు ఇగ పనికిరాదు. చేను నీది గూడ. కాపలా నీది. పట్టుకో."

కొడవలిని తంటెం కొమ్మకు తగిలించింది. తర్వాత వాచిన చెయ్యి ఎత్తి దాని తల మీద పెట్టింది. ఇన్నేళ్లుగా బాకీ పడిన దీవెన అది. ఈసారి మొగులవ్వ నాలుక జారలేదు. ఒక్కో మాటా చూసి చూసి పలికింది.

"నిలబడు బిడ్డా. నీతోని పదిమందిని నిలబెట్టు."

తంటెం నిటారుగానే ఉంది. వెన్ను వంగలేదు, దానికి వంగడం రాదు కదా. కానీ పొద్దు మునుగుతున్న ఆ వేళ, దాని ఆకులు జంట జంటగా ఒకదానికొకటి దగ్గరికి జరిగి, అరచేతుల్లా జోడించుకున్నాయి.

అప్పటినుంచే తంటెం కాయ గోలీలా గుండ్రంగా లేదు. సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటుంది. అప్పటినుంచే అది గుంపుగా నిలిచిన చోట వయ్యారిభామ కాలు పెట్టడానికి జంకుతుంది. ఖాళీ నేల దొరికితే మాత్రం ఇప్పటికీ వస్తుంది, ఇప్పటికీ నేలకు అతుక్కుని "దండాలవ్వా!" అంటుంది. తెలిసినవాళ్లు చేతికి గుడ్డ చుట్టుకుని, పూతకు ముందే వేరుతో పీకేస్తారు. తెలియనివాళ్లు దీవించి, తర్వాత గోక్కుంటారు.

నమ్మకపోతే ఏ సాయంత్రమైనా చేని గట్టు మీదికి పోయి చూడండి. పొద్దు వాలగానే తంటెం ఆకులు జోడిస్తుంది. ఎవరి కాళ్ల మీదా పడదు. ఎవరినీ ఏమీ అడగదు.